మంచం ఇనుము మీద రెండు దెబ్బలు

నేను గల్ఫ్‌లో, షుఐబా అనే చోట ఒక ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ని. ఒక గేజ్ చూపించే అంకెను రెండో గేజ్ పెట్టి సరిచూసుకున్నాకే నమ్మడం నా పని. మా రాయచోటి వైపు దయ్యాల కథలకు కొదవ లేదు. చిన్నప్పుడు అవి విని నవ్వుకునేవాణ్ణి, ఇప్పుడూ నవ్వుకుంటాను. అందుకే ఇది జరిగింది జరిగినట్టు, వరసగా రాస్తున్నాను.

మంగఫ్‌లో ఒక గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. నేను, కోనసీమ నుంచి వచ్చిన ప్రసాద్ గారు, సుబ్బయ్య మామ. మామతో నాకు రక్తసంబంధం లేదు, మా పక్క మండలం వాడు. ఎగైలాలో ఒక మాల్‌కు రాత్రి కాపలా కాసేవాడు. నాకూ ఎక్కువగా నైట్ షిఫ్టులే. అందుకని మా ఇద్దరి నిద్రా మధ్యాహ్నమే. కిటికీకి పాత దుప్పటి కట్టి, రెండంతస్తుల ఇనుప మంచం మీద పైన నేను, కింద మామ పడుకునేవాళ్లం.

మా గదిలో ఒక నియమం ఉండేది. గురక పెట్టేవాడి మంచం ఏసీ పక్కనే వెయ్యాలి, ఆ మోతలో గురక కలిసిపోతుందని. ఆ చోటు మొదటి వారంలోనే నాకు దక్కింది.

నేను నిద్రలో ఉండగా మామ తన వేలి రాగి ఉంగరంతో మంచం పట్టీ మీద రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. నాకు సగం మెలకువ వచ్చేది. ఒకరోజు కోపంగానే అడిగాను.

“ఏంది మామా, నన్ను పండుకోనియ్యవా?”

“నువ్వు ఊపిరి తీసుకోడం మర్సిపోతాండావబ్బోడా. గుర్తు చేస్తాండా, అంతే.”

“ఊపిరి ఎవురన్నా మర్సిపోతారా?”

“నువ్వు పోతాండావే. సదువుకున్నోళ్లకు మతిమరుపు జాస్తి.”

నా గురక భరించలేక చెప్పే సాకు అనుకున్నాను. కొన్నాళ్లు ముభావంగా కూడా ఉన్నాను. మామ పట్టించుకోలేదు. నేను లేచేసరికి గుడ్డ కప్పిన గిన్నెలో సంగటి ముద్ద, పక్కన చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి ఎప్పటిలాగే ఉండేవి. అది తినకుండా నన్ను కంపెనీ బస్సెక్కనిచ్చేవాడు కాదు.

పోయిన చలికాలంలో మామకు ఇఖామా, అంటే ఇక్కడ ఉండేందుకు ఇచ్చే పర్మిట్, రెన్యువల్ కాలేదు. వయసైపోయిందన్నారు. “ఖలాస్ అబ్బోడా” అంటూ పెట్టె కట్టుకున్నాడు. బయల్దేరే ముందు ప్రసాద్ గారితో, “ఈన్ని అప్పుడప్పుడూ తట్టు సామీ” అన్నాడు.

“పగలు నేను డ్యూటీలో ఉంటానండి. తట్టడానికి ఎవర్ని పెట్టమంటారు?” అని ఆయన నవ్వారు.

మామ వెళ్లాక నా పరిస్థితి దిగజారింది. లేస్తూనే తలనొప్పి, ఎండిపోయిన నోరు. ఎనిమిది గంటలు పడుకున్నా కళ్లు మూతలు పడేవి. ఒకసారి కంట్రోల్ ప్యానెల్ ముందే కునుకు తీశాను. సూపర్‌వైజర్ కాగితం మీద రాసిచ్చాడు, ఇంకోసారి ఇలా జరిగితే నన్ను ఇంటికి పంపిస్తారని. అది న్యాయమే. ఆ ప్యానెల్ ముందు నిద్రపోయేవాడు తనొక్కడే నష్టపోడు.

అదే నెలలో ఒక దవడ పన్ను చిట్లింది. ఎగైలాలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మలయాళీ. ఆమె ఆ ఒక్క పన్నుతో ఆగలేదు. అరిగిన పళ్ల అంచులు చూసింది, నాలుక పక్కల పడ్డ పళ్ల గాట్లు చూసింది, గడ్డాన్ని పక్క నుంచి చూసింది. తర్వాత పంటికి సంబంధం లేని ప్రశ్నలు వేసింది. తలనొప్పి ఉందా? పగటి మగత ఉందా? నిద్రలో ఊపిరి ఆగుతోందని ఎవరైనా చెప్పారా?

మామ చెప్పాడన్నాను. ఆ మాట అంటుంటే సిగ్గేసింది.

నా కింది దవడ చిన్నదని, కొంచెం వెనక్కి ఉందని ఆమె చెప్పింది. పడుకున్నప్పుడు నాలుక వెనక్కి జారి గాలి దారికి అడ్డం పడుతూ ఉండొచ్చు. పరీక్ష చేస్తేగానీ తేలదని నిద్ర డాక్టరుకు రాసిచ్చింది. ఆ తారీఖు వచ్చేలోగా నిద్రలో శబ్దం రికార్డు చేసి తెమ్మంది.

మర్నాడు రికార్డింగ్‌ను బస్సులో విన్నాను. గురక. ఉన్నట్టుండి నిశ్శబ్దం. లెక్కపెట్టాను, ఇరవై నాలుగు సెకన్లు. తర్వాత టక్, టక్. వెంటనే నేను గుటక వేసినట్టు ఊపిరి లాగడం.

అప్పుడు గదిలో నేనొక్కణ్ణే. తలుపుకు లోపల గడియ. కింది మంచం నిండా సూట్‌కేసులు. తర్వాతి రోజుల్లో ఏసీ ఆపి పడుకున్నాను, మంచాన్ని గోడకు దూరం జరిపాను, నట్లన్నీ రెంచితో బిగించాను, ఇనుము చల్లబడి చప్పుడు చేస్తోందేమోనని పట్టీకి గుడ్డ చుట్టాను. గుడ్డ చుట్టినా అదే చప్పుడు, ఉంగరం ఇనుముకు తగిలినట్టే. ఊపిరి ఆగని చోట ఒక్క దెబ్బా లేదు.

ప్రసాద్ గారికి వినిపించాను. రెండుసార్లు విన్నారు. “మంచం బిగించింది మీరే, ఇంక నన్నడుగుతారేంటండీ” అన్నారు. ఆ పూట ఆయన జోకులేం వెయ్యలేదు.

శుక్రవారం మామకు ఫోన్ చేశాను. అత్త ఎత్తింది.

“మీ మామ పండుకోనుండాడు నాయనా. యాడ నిద్ర? ఉంగరం చేత్తో మంచం పట్టీ కొడ్తానే ఉంటాడు. రెండేట్లు. లేపి అడిగితే నాకు తెల్దంటాడు.”

“ఎప్పుడెప్పుడు అత్తా?”

“మద్దేనం నుంచి పొద్దు వాలేదాంక.”

రెండున్నర గంటల తేడా తీసేస్తే ఆ గంటలు ఇక్కడ నా నిద్ర గంటలే. కారణం చెప్పకుండా ఒకటి అడిగాను. రేపు మామ కొట్టినప్పుడల్లా నాకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. “పిచ్చి గానీ పట్టిందా నీకు?” అంది గానీ ఒప్పుకుంది.

మర్నాడు ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. లేచి చూస్తే మూడు మిస్డ్ కాల్స్. రికార్డింగ్‌లో దెబ్బలు నాలుగుసార్లు. మూడింటికీ కాల్స్‌తో నిమిషం తేడా కూడా లేదు. నాలుగోది ఏమైందని అత్తనడిగాను.

“అప్పుడు నేను ఎనుమును పిండేదానికి పోయింటి.”

నిద్ర పరీక్షలో జబ్బు మధ్యస్థంగా ఉందని తేలింది. ఆ తీవ్రతకు నోటి పరికరం చాలని నిద్ర డాక్టరు ఒప్పుకున్నాడు. డాక్టరమ్మ ముందు చిగుళ్లు బాగుచేసి, చిట్లిన పంటికి తొడుగు వేసి, పళ్ల అచ్చు తీసుకుంది. పై పళ్లకొకటి, కింది పళ్లకొకటి, పారదర్శకమైన రెండు తొడుగులు. పక్కన చిన్న మరలు. వాటిని కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే కింది దవడ ముందుకొచ్చి నిలుస్తుంది, గాలి దారి తెరుచుకుంటుంది. ఆ పని నాకు బాగా అర్థమైంది. మొదటి వారం దవడ నొప్పి, నోటి నిండా ఉమ్ము. మూడో వారానికి తలనొప్పి పోయింది. ప్యానెల్ ముందు మళ్లీ కునుకు రాలేదు.

రికార్డింగ్‌లో ఊపిరి ఆగడం దాదాపు లేదు. దెబ్బలు అసలే లేవు.

అత్తకు ఫోన్ చేసి పళ్ల పరికరం సంగతి చెప్పాను. మామ కొట్టడం మానేశాడంది. “చెయ్యి గుండెల మీద పెట్టుకోని పసిబిడ్డ మాదిరి నిద్ర పోతాండాడు.” మామే ఫోన్ తీసుకున్నాడు.

“పండ్లకు కళ్లెం ఏసినారంట కదబ్బోడా?”

“అవును మామా.”

“మంచిదే. సంగటి తింటాండావా?”

లేదన్నాను. చేయడం రాదన్నాను. నీళ్లెన్ని, పిండెంత, ఎప్పుడు గెలకాలో వరసగా చెప్పాడు. రాసుకున్నాను. దెబ్బల సంగతి అడగడానికి నోరు రాలేదు.

ఇది జరిగిన రెండు నెలలకు, ఒక సెలవు రోజున పరికరం కడిగి కిటికీ దగ్గర ఆరబెట్టాను. అన్నం తిని, కాసేపేనని మంచమెక్కి నిద్రపోయాను. అది పెట్టుకోవడం మరిచాను. లేచేసరికి సాయంత్రమైంది. ఫోన్‌లో అత్త నుంచి ఒక మిస్డ్ కాల్.

“ఈ పొద్దు మల్లా కొట్టినాడు నాయనా. నువ్వు ముందు అడిగింటివి కదా, అందుకని చేసినా. నువ్వు బాగుండావా?”

బాగున్నానన్నాను.

దీనికి నా దగ్గర లెక్క లేదు. రికార్డింగులు, మిస్డ్ కాల్స్ స్క్రీన్‌షాట్లు ఒక ఫోల్డర్‌లో దాచాను. ఏ రెండో గేజ్ పెట్టి సరిచూడాలో ఇప్పటికీ తెలియదు. ఒక్కటి మాత్రం మారింది. పది నిమిషాల కునుకైనా సరే, పరికరం పెట్టుకోకుండా ఇప్పుడు కళ్లు మూయను. అక్కడ ముసలాయన పడుకుని ఉంటాడు.