నడిచేవాళ్లకు లారీల మ్యాప్: పటాన్‌చెరులో ఒక ఉదయం

నా భార్య వసుధ నిరుడు పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లారీ కింద పడి చనిపోయింది. మందుల ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో నర్సుగా ఆమెకు అదే మొదటి రోజు. ఆటో దిగి నాకు ఫోన్ చేసింది. ఇక్కడ మ్యాప్ బోర్డు ఉంది, చూసుకుని వెళ్తానంది. ఆ బోర్డు మీద లావుగా, ఎర్రగా ఉన్న దారిలోనే వెళ్లింది. నా ఫిర్యాదుకు అక్కడి పారిశ్రామికవాడ కార్యాలయం ఒక్క వాక్యంలో జవాబిచ్చింది: ‘పాదచారి స్వయంగా ఆ మార్గాన్ని ఎంచుకున్నారు.’ స్వయంగా! ఆ మాట ఎంత నిజమో తేల్చుకోవడానికే మొన్న సోమవారం బయలుదేరాను. అటువైపు ఉద్యోగానికో ఇంటర్వ్యూకో కొత్తగా వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను.

సంగారెడ్డిలో ఆరింటికి ఆర్డినరీ బస్సు ఎక్కాను. కంది ఊరి దాకా సాఫీగా సాగింది, ఆ తర్వాత ట్రాఫిక్. ఏడు దాటాక పటాన్‌చెరులో దిగి షేర్ ఆటో పట్టుకున్నాను. మనిషికి ఇరవై రూపాయలు. నా చేతిలో చుట్టిన ఫ్లెక్సీని డ్రైవర్ అద్దంలోంచి చూశాడు.

“ఏం సార్, బర్త్‌డే ఫ్లెక్సీయా? ఏ లీడర్‌ది?”

“దారిది.”

“దారికి గూడ బర్త్‌డేనా! ఇగ మా ఆటోలకెప్పుడో!”

ఆటోలో అందరూ నవ్వారు.

ఆటో దిగిన స్టాపు పక్కనే ఆ బోర్డు ఉంది. అది అసలు సరుకు లారీల కోసం గీసిన మ్యాప్. ఎర్ర గీత లారీలు ఫ్యాక్టరీ గేట్లకు వెళ్లే రోడ్డు. దానికి ఫుట్‌పాత్ లేదు. ఎవరో ఆ మ్యాప్‌నే యథాతథంగా తెచ్చి, మనుషులు దిగే చోట నిలబెట్టారు. రెండు ప్రహరీల మధ్య నుంచి అవే గేట్లకు ఒక సందు ఉంది, అందులోకి బండ్లు రావు. బోర్డు మీద అది మురుగు కాలువలా సన్నటి బూడిద రంగు గీత. నా ఫ్లెక్సీలో ఆ సందును లావుగా పచ్చగా గీయించి, లారీ రోడ్డును సన్నగా వదిలేశాను. మిగతాదేమీ మార్చలేదు.

ముందు పాత బోర్డునే ఉంచి, టీ బండి దగ్గర కూర్చున్నాను. రోజూ వచ్చేవాళ్లు బోర్డు వైపు చూడరు. భుజాన బ్యాగుతో వచ్చిన కొత్తవాళ్లు ఆగి, ఎర్ర గీత మీద వేలు పెట్టి, లారీల మధ్యకు వెళ్లిపోయారు.

టీ బండి నడిపే రజియా అంది, “రోజూ గిదే సార్. అటు పోవద్దని నేను ఒర్రుతనే ఉంట. ‘బోర్డుల ఇట్లనే ఉంది ఆంటీ’ అని నాకే చెప్తరు.”

తర్వాత బోర్డు మీద ఫ్లెక్సీ కట్టాను. జోగిపేట నుంచి ప్యాకింగ్ పనికి వచ్చిన ఇద్దరమ్మాయిలు దాని ముందు ఆగారు.

“గీ పచ్చదే గదనే?”

“ఔ, నడువ్. జల్దీ!”

సందులోకి మళ్లారు. తర్వాత వచ్చిన కొత్తవాళ్లు కూడా, ఒకరిద్దరు తప్ప, అటే వెళ్లారు. నా టీ చల్లారిపోయింది.

ఇంతలో కార్యాలయం సూపర్‌వైజర్ బైకు మీద వచ్చాడు. “ఎవరు కట్టిండ్రు గిది? పర్మిషన్ ఉందా?”

“లారీల మ్యాప్ నడిచేవాళ్లకు ఎందుకు పెట్టారు?” అన్నాను.

“మ్యాప్ మ్యాపే గద సార్. లారీలకేంది, మనుషులకేంది? బోర్డు చూసి ఎవరు నడుస్తరు? జనం ఎటు బుద్ధి పుడితే అటు పోతరు.”

అతను ఆ మాట అంటుండగానే ఒకాయన ఫ్లెక్సీ చూసి సందులోకి తిరిగాడు.

“గదిగో, పోతుండు నీ జనం!” అని రజియా నవ్వింది.

సూపర్‌వైజర్ తాళ్లు కోశాడు. “మీకెందుకు సార్ గింత పరేషాన్?”

“నా భార్య మీ ఎర్ర గీత వెంటే నడిచింది.”

అతను తలెత్తి నా వైపు చూశాడు. చేతులు మాత్రం ఫ్లెక్సీని మడుస్తూనే ఉన్నాయి.

అతను వెళ్లగానే ఒక కొత్త కుర్రవాడు ఆటో దిగాడు. బోర్డు చూసి లారీ రోడ్డు వైపు నడిచాడు. పరుగెత్తి భుజం పట్టుకుని వెనక్కి తిప్పాను. “క్యా హువా అంకుల్?” అని తిట్టినంత పని చేసి, సందులోకి వెళ్లాడు.

ఒక ఉదయం చూసింది శాస్త్రం కాదని నాకు తెలుసు. కానీ తెలియని చోట దిగిన మనిషి దారి ఎంచుకోడు, చూపించిన దారిన వెళ్తాడు. ఎంచుకునేది గీసినవాడు. ఆ ‘స్వయంగా’ అన్న మాటను కొట్టేసి నాకు మళ్లీ జవాబివ్వమని కార్యాలయానికి రాశాను. బోర్డు ఈ రోజుకీ అక్కడే ఉంది.

మీరు ఆ స్టాపులో దిగితే బోర్డు చూడకండి. టీ బండి వెనక సందు పట్టుకోండి. వానాకాలంలో అందులో చీలమండల దాకా నీళ్లు నిలుస్తాయి. తడిసినా సరే, అటే వెళ్లండి.