అడవి దొర చావని కాలనీ

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో జాకబ్ నవ్వు తెలియని ఇల్లు లేదు. రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరి, ఫిట్టరై, చార్జ్‌మన్‌గా రిటైరైనవాడు. చేతిపనికి షీల్డు అందుకున్నవాడు. ఇద్దరు కూతుళ్లనీ టీచర్లను చేసినవాడు. నాటకాల్లో రావణుడూ ఆయనే, కంసుడూ ఆయనే. క్రిస్మస్ వస్తే చర్చిలో హేరోదు రాజూ ఆయనే. ఆ నవ్వు అందుకున్నాడంటే చంటిపిల్లలు ఏడుపు మానేసేవారు. మాట అర్థంకాని ఆ ఊరి బెంగాలీ దాదాలు కూడా చప్పట్లు కొట్టేవారు.

నిజానికి ఆ నవ్వు కోనాడ గజపతి అనే పాతకాలపు నటుడిది. అడవి సినిమాలు జోరుగా ఆడిన రోజుల్లో ఏనుగుదంతాల దొంగ అయినా, గూడేన్ని దోచే దొర అయినా ఆ వేషం గజపతిదే. హీరో పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. గజపతి మాత్రం, "ఏటిరా, పులికి బయపడి నా కాడికొచ్చినావా?" అనేవాడు. బెంగాలీల ఊరికి పనికొచ్చిన ఆ తెలుగువాళ్లకు తెర మీద తమ ఊళ్ల యాస వినబడింది ఆ ఒక్క నోటనే. అందుకే కాలనీ కుర్రకారంతా విలన్ పక్షం.

అప్పట్లో మైదానంలో తెరకట్టి సినిమా వేసేవారు. ఎన్నిసార్లు వేసినా ఒకటే తంతు. దొర కొండ అంచుకు చేరతాడు. వెనక లోయ, ఎదురుగా హీరో తుపాకీ. అప్పుడే వర్క్‌షాపు సైరన్ కూసేది. చూసేవాళ్లూ రాత్రి షిఫ్టు వాళ్లే, సినిమా మిషను తిప్పేవాడూ షిఫ్టు మనిషే. అంతా లేచి డ్యూటీకి పోయేవారు. ఆ దొర చావడం కాలనీలో ఎవరూ చూడలేదు.

మిగతా కథ జాకబే పూర్తిచేశాడు. దొర లోయలోకి దూకి, ఏరు ఈది, సిమిలిపాల్ అడవుల్లో కలిసిపోయాడు. పిల్లలకు అదే చెప్పాడు. వర్క్‌షాపు మిషనులో వేళ్లు నలిగి ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు తనకు తాను కూడా అదే చెప్పుకున్నాడు: "అంత లోయలో దూకి ఆడు బతికినాడు, నాకేటి?"

ప్రేమ్ బజార్‌లో గది తీసుకుని ఇంజనీరింగ్ చదివే ఖమ్మం అమ్మాయి సాహిత్య, ఈ కబుర్లకోసమే ఆదివారాలు జాకబ్ ఇంటికి వచ్చేది. ఒకరోజు సంబరంగా పరిగెత్తుకొచ్చింది.

"తాతగారూ, మీ సినిమా మొత్తం దొరికిందండీ! చివరి రీలుతో సహా!"

"సివరిది కూడానా?"

"మీకోసమే ఎంత వెతికానో!"

అంత ఆశగా తెచ్చిన పిల్లను వద్దనడం ఎలా? "ఠీక్ హై, ఏసెయ్ తల్లీ," అన్నాడు.

శనివారం సాయంత్రం క్లబ్బు హాల్లో దుప్పటి తెర లేచింది. సాహిత్య తన లాప్‌టాప్‌కి ప్రొజెక్టర్ తగిలించింది. గజపతి కనబడగానే ముసలాళ్లందరూ ఈలలు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసిన సోమయాజులు మాత్రం నవ్వుతూ కూర్చున్నాడు.

"ఈవేళతో నీ దొర పని సరి జాకబూ! సిమిలిపాలూ లేదు, ఏరూ లేదు."

"నోరు కట్టీసుకోండి పంతులుగారూ. బొమ్మ సూడనివ్వండి."

దొర కొండ అంచుకు వచ్చాడు. తుపాకీ లేచింది. జాకబ్ కుర్చీలో ఉండలేకపోయాడు. లేచి, నలిగిన వేళ్లు నోటి చుట్టూ మడిచి ఊపిరి బిగించాడు. సన్నగా మొదలై, పెరిగి, హాలంతా నిండిపోయింది కూత. అచ్చం వర్క్‌షాపు సైరన్.

ముసలాళ్లు గబగబా లేచారు. కుర్చీలు మడిచారు. అందరికన్నా ముందు లేచింది జీవితంలో ఒక్క రాత్రి షిఫ్టయినా చెయ్యని సోమయాజులు.

"ఇంకా అయిపోలేదండీ!" అంది సాహిత్య.

"డూటీ టైమైపోనాది తల్లీ," అన్నాడు జాకబ్. మడిచిన వేళ్లు ఇంకా దించలేదు.

ఆ పిల్ల అంతకుముందే తన గదిలో సినిమా చివరిదాకా చూసే వచ్చింది. ఆయన చేతుల వంక చూసి లాప్‌టాప్ మూసేసింది.

"అయితే తాతగారూ, ఏరు ఈదే దాటాడా, తెప్పేమైనా కట్టాడా?"

"ఆడికి తెప్పెందుకమ్మా!" అన్నాడు జాకబ్. ఆ వెనకే వచ్చిన నవ్వుకి వీధిలో కుక్కలు మొరగడం మొదలెట్టాయి.