సూర్యాపేట డాక్టరమ్మ మామతో చెప్పించిన మాట

కార్బాలిక్ సబ్బు వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నేను సర్దుకుని నిటారుగా కూర్చుంటాను. సూర్యాపేటలో సుగుణ డాక్టరమ్మ చేతుల వాసన అది. ఆమెది కోదాడ అవతల ఏదో ఊరు. మాట మెత్తన, మనిషి మహా మొండి.

నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు మా అమ్మమ్మ నన్ను మిర్యాలగూడ నుంచి ఆమె దవాఖానకు తీసుకొచ్చింది. అమ్మమ్మే నాకు అత్త కూడా. నన్ను సొంత మేనమామకే ఇచ్చారు. మాకు పుట్టిన ఇద్దరు పిల్లలకూ చెవులు వినపడవు.

“దీని కడుపుల్నే ఏదో దోసమున్నది డాక్టరమ్మా, జర సూడు. గట్లయితే దీని చెల్లెల్ని నా కొడుక్కు చేసుకుంట,” అంది అమ్మమ్మ, నా ముందే. నాకు ఒళ్ళు మండిపోయింది. చెల్లెలింకా గవ్వలాడుకునే పిల్ల.

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. “నీకేం తెలుసుకోవాలని ఉందమ్మా?” అంది. అంతవరకూ నన్నెవరూ ఏమీ అడిగి ఎరగరు.

“ఇంకోసారి కంటే గూడ గిట్లనే అయితదా?”

“కావచ్చు, కాకపోవచ్చు. మీ ఆయన లేకుండా చెప్పను, పిలువు.”

బండి దగ్గర బీడీ కాలుస్తున్న మామ వచ్చాడు. మా ఇద్దరిలోనూ ఒకే లోపం బయటికి కనపడకుండా ఉండి ఉంటుందనీ, ఒకే ఇంటి రక్తం కనక ఇద్దరికీ వచ్చి ఉంటుందనీ, రెండూ కలిస్తేనే బిడ్డకు తగులుతుందనీ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. చెల్లెలిదీ అదే రక్తమంది. అంతటితో వదిలే మనిషి కాదు. విన్నవాళ్ళు తమ మాటల్లో తిరిగి చెప్పేదాకా లేవనిచ్చేది కాదు. తల ఊపితే ఒప్పుకునేది కాదు.

“ఏం అర్థమైందో మీ అమ్మగారికి మీరే చెప్పండి,” అంది మామతో.

మామ అమ్మమ్మ వైపు తిరిగాడు. “అమ్మా, దీన్ల ఒక్కదాన్లనే గాదు, నాల గూడ ఉన్నదంట. సిన్నదాన్ని చేసుకున్నా గిట్లనే అయితదేమో. నాకొద్దు.”

అమ్మమ్మ లేచి బండి దగ్గరికి నడిచింది. చెల్లెల్ని తర్వాత హాలియాలో బయటి సంబంధానికిచ్చారు.

“ఇగ కనాల్నా వద్దా, మీరే చెప్పుండ్రి,” అని నేను బతిమాలాను.

“అది నేను చెప్పే మాట కాదమ్మా. మీరిద్దరూ మాట్లాడుకోండి.”

అప్పుడు ఆమె మీద కోపమొచ్చింది. కానీ ఏదైనా ముందు తెలుసుకుని, ఆ తర్వాతే తలకెత్తుకోవాలన్న పట్టుదల నాకు ఆమె పెట్టిన భిక్షే.

మామా నేనూ మాట్లాడుకున్నాం. కన్నాం. కంచం మోగిస్తే ఆ పిల్లా తల తిప్పలేదు. ఈసారి ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తెలిసే కన్నాను, నాకు ఏడుపు రాలేదు. పిల్లకు ఆకలవుతోంది, ఒళ్ళోకి తీసుకున్నాను.