కాపురానికొచ్చిన మర్నాడు పారబోసిన నీళ్ళు

ఆ రోజుల్లో నీళ్ళు కూడా అయిపోతాయన్న సంగతి నాకు తెలియదు. బియ్యం అయిపోతాయని తెలుసు, కిరసనాయిలు అయిపోతుందని తెలుసు. నీళ్ళు మాత్రం గాలిలాగా ఎప్పుడూ ఉంటాయనుకునేదాన్ని. ఆళ్లగడ్డలో మా నాయనకు బజారులో అంగడి ఉండేది, ఊరి బయట తోట, తోటలోనే మా ఇల్లు. మోటరు వేస్తే ముంజేయంత ధార పడేది. తెల్లవారగానే మా అవ్వ మాతో చేయించే మొదటి పని, ఇంట్లో ఉన్న పాచినీళ్ళన్నీ పారబోయించడం. రాత్రి నిలవున్న నీళ్ళు ఏ బిందెలోనూ చుక్క మిగలకూడదు. "పాచినీళ్ళతో పొయ్యి ముట్టించేదానికి మనకేం కర్మ?" అనేది. బిందెలు చింతపండుతో తళతళలాడేట్టు తోమి, కొత్తనీళ్ళు పట్టిన తర్వాతే పొయ్యి వెలగాలి. (నాకప్పటికి అక్షరం ముక్క రాదు. అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. కానీ బిందె తోమడంలో నన్ను మించినవాళ్ళు లేరని మా వీధంతా ఒప్పుకునేది.)

ఆ ఒక్క విద్యతోనే నంద్యాలకు కాపురానికి వచ్చాను. అత్తవారిది ఇరుకు వీధిలో అంగడి వెనకే ఇల్లు, పెరట్లో ఒక బర్రె. వచ్చిన సాయంత్రమే నాకు మొదటి దెబ్బ తగిలింది. ఉల్లిపొట్టు చేతిలో పట్టుకుని చెత్తబుట్ట కోసం ఇల్లంతా తిరుగుతుంటే మా అత్త చూసింది.

"ఏం ఎదుకుతాండావ్ మే?"

"చెత్త యాడెయ్యాల అత్తా?"

"చెత్తా? ఈ ఇంట్లో చెత్త యాడుంది?"

నిజంగానే లేదు. కూరగాయల తొక్కలు బర్రెకు పోయేవి. టెంకాయ పీచూ పొయ్యిలో బూడిదా అంట్లకు. చీర చినిగితే బొంత అయ్యేది, బొంత చినిగితే మసిగుడ్డ అయ్యేది. అంగడి పొట్లాలకు చుట్టిన దారం కూడా ఉండ చుట్టి మేకుకు తగిలించేది అత్త. బియ్యం కడిగిన నీళ్ళు కుడితిలోకి, స్నానం చేసిన నీళ్ళు అరటి చెట్టుకు. ఇంత పిసినారి ఇంట్లో పడేశాడేమిటి మా నాయన అని మూల కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. (వాటిని కూడా ఎవరైనా పట్టి కరివేపాకు చెట్టుకు పోస్తారేమోనని గబగబా తుడిచేసుకున్నాను.)

మర్నాడు మధ్యాహ్నం మా నాయనా, ఇద్దరు మేనమామలూ నన్ను చూడడానికి భోజనానికి వస్తారు. వాళ్ళు వచ్చేసరికి నా పనితనం అత్తకు తెలిసిపోవాలని అందరికంటే ముందు లేచాను. వసారాలో పెద్ద రాగి కాగు, దాని పక్కన బిందెలు, మూలన ప్లాస్టిక్ డ్రమ్ము, అన్నీ అంచుదాకా నిండి ఉన్నాయి. ఇన్ని పాచినీళ్ళా అని ముక్కున వేలేసుకున్నాను. ఒక్కొక్కటే వీధిలోకి బోర్లించాను. డ్రమ్ము కదలకపోతే భుజం పెట్టి తోశాను. ఆఖరి బిందె నీళ్ళతో అన్నీ తళతళా తోమి, కొంగు బిగించి, కొళాయి తిప్పాను. ఉస్సుమని గాలి వచ్చింది. ఇంకా తిప్పాను. అది కూడా ఆగిపోయింది.

వెనక నుంచి అత్త గొంతు. "నీళ్ళేవి మే?"

"పారబోసినా అత్తా. పాచినీళ్ళు గదా."

"మొత్తమా?"

"చుక్క ల్యాకుండా." (గర్వంగానే చెప్పాను.)

అత్త అలాగే గడప మీద కూలబడింది. "కొళాయి నిన్న వచ్చిండె మే! మళ్ళ రేపు తెల్లార్తోనే! దినం మార్చి దినమొస్తాది ఈడ!"

కొళాయికి సెలవుంటుందని నాకెవరు చెప్పారు? అప్పుడే మా ఆయన నోటినిండా పేస్టు నురగతో బయటికి వచ్చి, చెంబు తీసుకుని కాగులో ముంచాడు. ఖంగుమంది. కాగులోకి చూశాడు, నన్ను చూశాడు, తల్లిని చూశాడు. మాట్లాడదామంటే నోరు తెరవలేడు, ఉమ్ముదామంటే పుక్కిలించడానికి నీళ్ళు లేవు. ఆ మొహం నేనిప్పటికీ మరచిపోలేదు.

వీధిలో ఎదురింటామె చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని తడిలో నడుస్తూ అడిగింది. "ఏమొదినా, మీ కోడలు ఇల్లు మహానంది అనుకున్యాదా ఏం, కోనేరు పారిచ్చింది?"

వీధి చివర చేతిపంపు ఉంది గానీ దాని నీళ్ళు ఉప్పన, ఆ నీళ్ళలో పప్పు ఉడకదు. ఎవరినీ ఏదీ అడగని మా అత్త చంకన బిందె పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తిరిగిన ప్రతి ఇంట్లో ఒక మాట పడింది. చివరికి రెండు బిందెల మంచినీళ్ళతో వచ్చి వంట మొదలుపెట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ భయం. మా వాళ్ళ ఎదుట "ఏం నేర్పి పంపినారు?" అన్న ఒక్క మాట ఆమె నోట్లోంచి వస్తే మా నాయన తల ఎత్తలేడు.

మధ్యాహ్నం బస్సు దిగి, మోకాళ్ళదాకా దుమ్ముతో నాయన వచ్చాడు. కాళ్ళకు చెంబుతో నీళ్ళిచ్చాను. తోటలో అలవాటు కదా, మొత్తం ఒకే కాలి మీద కుమ్మరించుకున్నాడు.

"ఇంగోటి తే పాపా."

"చాలు నాయనా. ఆ కాలు దులుపుకో."

నోరు జారిన తర్వాత గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. మేనమామలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాయన ఒక కాలు తడిగా, ఒక కాలు దుమ్ముగా కొంగలా నిలబడిపోయాడు. "ఏందమ్మా? కన్నతండ్రి కాళ్ళకు గూడా నీళ్ళు లెక్కనా ఈ ఇంట్లో? నిన్ను తాగనిస్తాండారా లేదా? పెట్టె సర్దుకో, పోదాం పా!"

నిజం చెప్తే అవమానం, చెప్పకపోతే ప్రయాణం. అంతలో వంటింట్లోంచి అత్త చెంబుతో వచ్చింది.

"పాపనేం అనొద్దన్నా. తప్పు నాది. మీరొస్తాండారని కాగులూ డ్రమ్ములూ అన్నీ తోమిచ్చినా. కొళాయి రాదని మతికి రాల్యా. ముసిలిదాన్నైతి గదా."

కొళాయిలో గాలి వచ్చినప్పుడు కూడా నేనంత నిర్ఘాంతపోలేదు. నాయన కోపం అక్కడికక్కడే కరిగిపోయింది. "మా కోసరం అంత పని యాల వదినా!" అంటూ సగం చెంబుతో రెండో కాలు కడిగేసి, మిగతా సగం భద్రంగా వెనక్కి ఇచ్చాడు.

వాళ్ళు తిని వెళ్ళిపోయాక, విస్తరాకులు బర్రెకు వేస్తున్న అత్త దగ్గరికి వెళ్ళాను. "ఎందుకత్తా నీ మీద ఏసుకుంటివి?"

ఆమె తలెత్తకుండానే అంది. "నీళ్ళు పోతే రేపొస్తాయి మే. కోడలు పోతే కొళాయిలో వస్తాదా?"

ఇప్పుడు అత్త లేదు. ఇంటిమీద పెద్ద ట్యాంకు ఉంది, తిప్పినప్పుడల్లా నీళ్ళు. అయినా స్నానాల గదిలో ధార శబ్దం కాస్త ఎక్కువసేపు వినిపిస్తే నా కాళ్ళు వాటంతటవే తలుపు దగ్గరికి పోతాయి. మొన్న అలాగే గట్టిగా తలుపు తట్టి, "ఏందప్పా, కాలవలో ఈదుతాండావా?" అని అరిచాను. సబ్బు నురగతో తలుపు సందులోంచి తొంగిచూసింది నా కొడుకు కాదు, పాములపాడు నుంచి వచ్చిన మా వియ్యంకుడు. ఆయన నోరు తెరుచుకుని చూస్తుంటే నేనూ నోరు తెరుచుకుని నిలబడ్డాను. అప్పుడు మా కోడలు పరుగున వచ్చి నన్ను పక్కకు జరిపి, "అరిచింది నేనే నాయనా, నా మొగుడనుకున్నా" అంది.

నేను పెరట్లోకి వెళ్ళి చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.