ముగ్గుతో కట్టిన బడి

బడి కట్టుకోవడానికి సర్కారు డబ్బు ఇస్తుందంటే ఇప్పటివాళ్లకు వింతేమీ కాదు. నేను వయసులో ఉన్న రోజుల్లో మాత్రం అంతకన్నా పెద్ద వింత జరిగింది. బడి కట్టడానికి కాదు, బడి ఎట్లా కట్టుకోవాలో ఆలోచించుకోవడానికి సర్కారు డబ్బు ఇస్తానన్నది. నలుగురు పెద్దమనుషులు చందాలు వేసుకొని సొంతంగా నడుపుకునే బడులు ముందు తమ జాగాలో ఏ గది ఎక్కడ రావాలి, బావి ఎక్కడ, గోడ ఎక్కడ అని పక్కాగా నక్షా గీయించుకోవాలట. ఆ గీయించే ఖర్చు సర్కారుది. కట్టడం సంగతి తర్వాత. (ఆలోచించేవాళ్లందరికీ అట్లా ఇచ్చి ఉంటే నాకు ఈపాటికి ఒక మేడ ఉండేది. ఆ రోజుల్లో సాయంత్రాలు నాకు ఆలోచించడం తప్ప వేరే పని లేదు.)

నేనప్పుడు ఛత్రినాక దగ్గర ఒక గల్లీలో ఉన్న ఆడపిల్లల తెలుగు బడికి ఆయాను. పెళ్లయిన కొన్నాళ్లకే నా పెనిమిటి పోతే, కార్వాన్‌లో బర్రెలు పెట్టుకొని పాలు అమ్ముకునే అన్న ఇంటికి వచ్చి పడ్డాను. వదిన చెడ్డది కాదు. కాని ఆ ఇంట్లో బర్రెలకు ఉన్నంత జాగా మనుషులకు లేదు. నా చాప గడ్డివాము పక్కన. పొద్దున్నే వాకిలి ఊడ్చి సానుపు చల్లడం నా పనే, ముగ్గు మాత్రం వెయ్యనిచ్చేది కాదు. మొగుడు లేనిదాని చేతి ముగ్గు ఇంటికి మంచిది కాదని దాని భయం. అన్న పాలు పోసే ఇంటివాళ్లు ఎవరో చెప్పగా ఈ పని దొరికింది. బడి ఒక పాత అద్దె ఇంట్లో నడిచేది. కాపలా ఉన్నట్టూ ఉంటుంది, నాకు తల దాచుకున్నట్టూ ఉంటుందని దాని ముందరి అరుగు మీదే పడుకోమన్నారు.

ఆయా అంటే పొద్దున గల్లీ గల్లీ తిరిగి, ఒక్కొక్క ఇంటి తలుపు కొట్టి, ఆడపిల్లలను వరుసగా నడిపించుకొని రావాలి. పొద్దుగూకే ముందు మళ్లీ ఎవరింట్లో వాళ్లను అప్పగించాలి. ఆ మొహల్లాలో నేను కొట్టని తలుపు లేదు. పిల్లలతో ఉన్నంతసేపూ చెవులు పగిలిపోయేటంత లొల్లి. ఆఖరి పిల్ల లోపలికి ఉరికాక గడియ పడిన చప్పుడు వినిపించేది. అప్పుడు ఒక్కదాన్నే వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఆ నడక నాకు ఏనాడూ అలవాటు కాలేదు. నా తలుపు కొట్టేవాళ్లు ఎవరూ లేరు, అయినా అరుగుకు తలుపెక్కడిది?

సర్కారు మాట చెవిన పడేసరికి బడికి కొత్త ప్రాణం వచ్చింది. బేగంబజార్‌లో ఇత్తడి సామాన్ల దుకాణం ఉన్న సేఠ్ మా కమిటీకి పెద్ద. మనిషి ఆకారాన్నీ వ్యాపారాన్నీ కలిపి మేము వెనకాల గంగాళం సేఠ్ అనుకునేవాళ్లం. ఆయన పక్క గల్లీలో తుమ్మచెట్లు మొలిచిన తన ఖాళీ జాగాను బడికి ఇచ్చాడు. సర్కారు లెక్కలు తెలిసిన ఒక నక్షా సాబ్‌ను కుదిర్చారు. సన్నటి మనిషి, చెవి మీద పెన్సిలు, మాటకు ముందు ఒక దగ్గు. ఇక ఎవరికి ఏం కావాలో అంతా ఆయనకు చెప్పడమే. బెజవాడ నుంచి వచ్చిన పెద్ద పంతులమ్మ పుస్తకాలకు ఒక గది అడిగింది. సేఠ్ సామాన్ల కొట్టు అడిగాడు. (ఏ సామాన్లని పంతులమ్మ అడిగితే, కొట్టుంటే సామాన్లు అవే వస్తయన్నాడు.) నక్షా సాబ్ ఎవరినీ కాదనలేదు, అన్నీ గీసుకున్నాడు. నాకూ ఒక కోరిక ఉండేది. గేటు పక్కన ఒక చాప పట్టేంత గది, దానికి లోపలి నుంచి గడియ పెట్టుకునే తలుపు. ఒకరోజు ఆయనకు నీళ్లు ఇస్తూ, గేటు కాడ కాపలా మనిషికి ఏమన్నా గీసినరా సాబ్ అని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే, గేటు గీసినం కదా అన్నాడు.

నక్షా తయారైంది. చిక్కేమంటే కమిటీలో ఎవరికీ అది అర్థం కాలేదు. సేఠ్ ఆ కాగితాన్ని నిలువుగా చూశాడు, అడ్డంగా చూశాడు, తలకిందులుగా కూడా చూశాడు.

"గిందుల బడి ఏడున్నదయ్యా? అన్నీ గీతలే ఉన్నయ్. నేను చెంబు కొన్నా మోగిచ్చి సూసి కొంట."

పైగా వచ్చే శనివారం బడుల వ్యవహారం చూసే తాలీమ్ దఫ్తర్ నుంచి పెద్ద సాబ్ జాగా చూడడానికి వస్తున్నాడు. ఆయనకు నచ్చితేనే ఇమ్దాద్, అంటే ఆ సర్కారు సాయం, లేకుంటే ఆ డబ్బు ఇంకో బడికి పోతుంది. అద్దె ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చెయ్యమని అప్పటికే గొంతు మీద కూర్చున్నాడు. ఇమ్దాద్ రాకపోతే బడి మూసుకోవాల్సిందేనని పంతులమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పింది. బడి మూస్తే ఆమె బెజవాడ పోతుంది. నేను గడ్డివాము దగ్గరికి పోవాలి.

చివరికి నక్షా సాబే ఉపాయం చెప్పాడు. కాగితం మీద ఉన్నది నేల మీద గీసి చూపిద్దామన్నాడు. ఆ రోజుల్లో బడికి శుక్రవారమే సెలవు. పొద్దున్నే వచ్చి మేకులు పాతి తాళ్లు కట్టాడు, తలుపులు రావలసిన చోటల్లా రెండేసి ఇటుకలు పెట్టాడు. ఒక ముగ్గుపిండి బస్తా నా ముందు పెట్టించి, తాడు వెంట ముగ్గు పొయ్యమని, ఇటుకల మధ్య మాత్రం గీత వదిలెయ్యమని విప్పి చెప్పాడు. చెప్పి నమాజుకు వెళ్లిపోయాడు. నేను విన్నాను. వినలేదని ఈ రోజుకీ అనను.

కాని ముగ్గుపిండి చేతిలోకి తీసుకొని ఎన్నేళ్లయిందో! నేల ఊడ్చి, సానుపు చల్లి, మొదటి గీత పోసేసరికి నా చెయ్యి నా మాట వినలేదు. శుక్రవారం, అందులోనూ కొత్త జాగాలో మొదటి ముగ్గు. గీత తెగితే ఇల్లు విరుగుతుందని మా అమ్మ నేర్పిన పాఠం. నాకు వచ్చిన చదువు అదొక్కటే. అంత చదువుకున్న సాబుకు ముగ్గు సంగతి తెలియదులే పాపం, మనమే సర్దుదామనుకున్నాను. గీతలన్నీ కలిపేశాను. అడ్డంగా ఉన్న ఇటుకలు తీసి ఒక పక్కన పేర్చాను, తాళ్లు చుట్టి భద్రం చేశాను. మూలమూలకూ తామరపువ్వు వేశాను. అంతా అయ్యాక దోసిట్లో కొంచెం పిండి మిగిలింది. చుట్టూ ఎవరూ లేరు. గేటు రావలసిన చోటు పక్కన చాప కొలతకు ఒక చిన్న గది గీసుకున్నాను. దానికి తామరలు వెయ్యలేదు, సిగ్గనిపించింది.

శనివారం పొద్దున టాంగాలు దిగి అందరూ వచ్చారు. రూమీ టోపీ పెట్టుకున్న దఫ్తర్ సాబ్, చేత కాగితాలతో పంతులమ్మ, ఆయాసపడుతూ సేఠ్. వచ్చి గీతల ముందు ఆగిపోయారు. ముగ్గు ఎంత బాగుందో ఎవరూ అనలేదు. నక్షా సాబ్ దగ్గడం కూడా మరిచిపోయాడు.

"దర్వాజలేమైనయ్ అమ్మా?"

"ముగ్గు తెంపద్దు సాబ్. శుక్రారం పూట తెంపితే ఇల్లు ఇరుగుతది."

సేఠ్ చప్పున చెప్పుల కాలు వెనక్కి తీసుకున్నాడు. ముగ్గు తొక్కే ధైర్యం ఆయనకు లేదు. పంతులమ్మకూ లేదు. దఫ్తర్ సాబ్ వాళ్ల మొహాలు చూసి, మీరు తొక్కని గీత నేనెట్ల తొక్కుత అని తనూ నిలబడిపోయాడు. అట్లా సర్కారూ కమిటీ కలిసి తుమ్మముళ్లలో నిలబడి, తలుపుల్లేని బడిని బయటి నుంచే చూశారు.

"ఒకందుకు మంచిదే పంతులమ్మా," అన్నాడు సేఠ్. "దర్వాజలు లేకుంటే పోరిలు ఇంటికి ఉరకరు."

"మీరు ఊరుకోండి సేఠ్‌గారూ," అని ఆమె నా వైపు తిరిగి పళ్లు నూరుతూ, "నా బడికి గోరీ కట్టావు కదే పిల్లా," అంది. ఆమె మళ్లీ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం చూశాక గాని నేను చేసిందేమిటో నాకు తెలియలేదు. గడ్డివాము వాసన ముక్కుకు తగిలింది.

దఫ్తర్ సాబ్ ముగ్గు చుట్టూ తిరుగుతూ గేటు దగ్గర ఆగాడు. చేతిలోని నక్షా చూశాడు, నేల చూశాడు.

"ఇది కాయిదంల లేదు. ఎవరిది?"

నాదని చెప్పాను. నువ్వెవరని అడిగాడు. పిల్లలను తోలుకొచ్చేదాన్ని, బడి అరుగు మీదనే ఉంటానని చెప్పాను. ఆయన నవ్వలేదు.

"కమ్రా మంచిగనే గీసుకున్నవ్. దర్వాజ లేదు గదా, లోపలికెట్ల పోతవ్?"

మిగతా గదులన్నిటికీ శుక్రవారం మీద నెపం పెట్టగలను. అంత ఆశపడి గీసుకున్న గదిలో మాత్రం నాకు ఆ రెండు ఇటుకలు గుర్తుకైనా రాలేదు. తలుపులు కొట్టడమే గాని, తలుపు ఉండడం నాకు తెలియదు.

"నీ చేత్తోనే తెరువమ్మా," అన్నాడాయన. "ముందుగాల నీది, ఎన్క బడిది."

కూర్చొని కొంగు కొసతో జానెడంత గీత తుడిచాను. ఇల్లు విరగలేదు. తర్వాత లేచి గది గదికీ పోయి ఇటుకల జాడ వెతికి అన్ని తలుపులూ తెరిచాను. అప్పుడు చూడాలి ఆ పెద్దమనుషులను. సేఠ్ తలపాగ ద్వారబంధానికి తగులుతుందేమోనని తల వంచి లోపలికి వెళ్లాడు. సామాన్ల కొట్టులో నిలబడి, మూరెడు దూరంలో పుస్తకాల గదిలో ఉన్న పంతులమ్మతో, మధ్యన గోడ ఉన్నట్టు కేకలు పెట్టి మాట్లాడాడు. ఆమె కూడా అంత గట్టిగానే జవాబు చెప్పింది. నక్షా సాబ్ తొందరలో తాను గీసిన గోడలోంచి తానే నడిచి వస్తే, గోడ కనిపిస్తలేదా భాయ్ అని సేఠ్ కోప్పడ్డాడు. దఫ్తర్ సాబ్ రుమాలు అడ్డం పెట్టుకొని నవ్వాడు. పోతూ పోతూ, ఆయా కమ్రా కూడా కాయిదంలకు ఎక్కియ్యమని చెప్పి మరీ వెళ్లాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక నేను నా గదిలోకి వెళ్లాను, తలుపులోంచే. చాప పరిచి కూర్చున్నాను. ఎవరైనా వస్తారేమో అన్నట్టు చాలాసేపు ఆ జానెడు సందు వైపే చూశాను. ఒక బర్రె వచ్చింది. (మా అన్నది కాదు.) దానికి తలుపులతో పని లేదు. ఒక గోడలోంచి వచ్చి, నన్ను ఒకసారి చూసి, ఇంకో గోడలోంచి పోయింది. ఆ ఇంటికి వచ్చిన చుట్టం అదొక్కటే.

ఇమ్దాద్ వచ్చింది. సర్కారు బడికి సాయం చేస్తున్నదని తెలిసి అద్దె ఇంటాయన కూడా నోరు మూసుకున్నాడు. నీలి కాగితం మీద నక్షా మళ్లీ గీశారు, గేటు పక్కన అగ్గిపెట్టె అంత నా గదిని నక్షా సాబ్ పెన్సిలు మొనతో చూపించాడు కూడా. కాని ఆలోచించడానికి డబ్బిచ్చిన సర్కారు కట్టడానికి ఇవ్వలేదు. దఫ్తర్ సాబ్‌ను వేరే జిల్లాకు మార్చారు, రాజ్యమే మారిపోయింది, సేఠ్ పోయాక ఆయన కొడుకులు ఆ జాగాలో గోదాము కట్టుకున్నారు. బడి అద్దె ఇంట్లోనే నడిచింది, నేను అరుగు మీదే ముసలిదాన్నయ్యాను.

జుట్టు నెరిశాక, అదే బడిలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెబుతుంటే అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు ఛత్రినాకలోనే ఒక అద్దె గదిలో ఉంటున్నాను. తలుపు ఉంది, గడియ ఉంది. ఇన్నాళ్లకు వచ్చిన ఆ గడియను పగలు ఎప్పుడూ పెట్టుకోను. పొద్దున్నే గడప ముందు ముగ్గు వేస్తాను, ఒక పక్క జానెడు వదిలిపెట్టి. పక్క వాటా కోడలు పిల్ల రోజూ చాయ్ తెచ్చిస్తూ అదే మాట అంటుంది.

"గీత తెగింది చూడు అమ్మమ్మా, కలపరాదూ?"

"తెగలే బిడ్డా. అది దర్వాజ."

ముసలిదానికి మతి పోయిందని నవ్వుకుంటుంది. నాకూ నవ్వొస్తుంది, చాప మీద కూర్చొని బర్రెకు మర్యాద చేసిన ఆ పిచ్చిపిల్లను తలుచుకొని. చాయ్ గ్లాసు తీసుకొని పోయేటప్పుడు కూడా కాలికి ముగ్గు అంటకుండా ఆ పిల్ల ఆ సందులోంచే పోతుంది.