అవ్వ కత్తెర ఆపితేనే పాట

మేము కన్నతల్లినే అవ్వ అంటాం. మా అవ్వ బోధన్‌లో ఇంటి అరుగు మీద కూర్చుని పొద్దంతా బీడీలు చుట్టేది. తునికాకు కత్తిరించే ఆ కత్తెర చప్పుడు వింటూనే పెరిగాను. జ్వరమొచ్చినా ఆగని కత్తెర, నేను పాట ఎత్తుకుంటే మాత్రం ఆగేది. బాగుందన్న మాట ఆమె నోట ఒక్కనాడూ రాలేదు. కత్తెర ఆపడమే ఆమె మెప్పు. ఊరంతా పొగిడినా నాకు అదే కావాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మా వైపు పెళ్లంటే నేను ఉండాల్సిందే. ఒక హార్మోనియం, ఒక ఢోలక్, నా గొంతు, అంతే. అవ్వ నేర్పిన అప్పగింతల పాట ఎత్తుకుంటే మూడు వాడల అవతలికి వినబడేది. రుద్రూర్ నుంచి మా ఊరి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలేవాళ్లు బండ్లు ఆపుకొని వినేవాళ్లు. పెళ్లికూతురు కంటే ముందే అందరినీ ఏడిపిస్తున్నానని వియ్యపురాళ్లు నన్ను తిట్టేవాళ్లు. ఆ తిట్లు కూడా నాకు ముద్దుగానే ఉండేవి.

పదేళ్లు తిరిగేసరికి మైకులొచ్చాయి, సినిమా పాటల పార్టీలొచ్చాయి. ఒక పెళ్లింట్లో నేను గొంతు సవరించుకుంటుంటే పెళ్లికూతురి అన్న వచ్చి, "అక్కా, మైకు పెట్టిచ్చినం. నువ్వు నిమ్మలంగ బువ్వ తిను" అన్నాడు. ఒళ్లు మండింది. మా ఇంట్లో బువ్వ లేకనా నేను వచ్చింది! విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. వచ్చానే గాని, ఆ తర్వాత నన్ను పిలిచినవాళ్లు లేరు.

చివరికి రోషం చంపుకొని నిజామాబాద్‌లో ఒక ఆర్కెస్ట్రా మాస్టారు దగ్గరికి పోయాను. నాకంటే చిన్నవాడు. ఒక్క చరణం వినేసరికే చెవులు మూసుకున్నాడు.

"గంత గట్టిగ పాడితే మైకు పల్గుతదక్కా. సన్నగ పాడు. చెవుల ముచ్చట చెప్పినట్టు పాడు."

ఆరు నెలలు బస్సులో తిరిగి గొంతు సన్నం చేసుకున్నాను. పదం చివర వణికించడం నేర్చుకున్నాను, పాట మధ్యలో నవ్వడం కూడా. ముప్పై దాటినదాన్ని, పదహారేళ్ల పిల్లలా! ఇంట్లో మాత్రం పెదవి విప్పలేదు. ఈ కొత్త గొంతును ఒక్కసారే వినిపించి అవ్వను ఆశ్చర్యపరచాలని నా ఆశ.

"ఇంట్ల పాడుతలేవేందే? గొంతు ఎవలకన్న బదులిచ్చినవా?" అని అవ్వ ఎగతాళి చేసేది.

"వినాయక చవితి పందిట్ల పాడుతున్ననవ్వా. మైకు హారన్ మన వాడ మూలమీదనే కడుతరు" అన్నాను. అప్పటికి మోకాళ్లు పట్టేసి ఆమె అరుగు దిగడం లేదు.

"నువ్వు పాడితె కత్తెర ముట్టనే ముట్ట. పో" అంది.

దీపాలు పెట్టే వేళ నా పాట మొదలైంది. మైకుకు మూతి ఆనించి గుసగుసలాడినట్టు పాడాను. ఈలలు! వన్స్ మోర్ అన్నారు, మళ్లీ పాడాను. అబ్బ, ఎన్నేళ్లయింది ఆ చప్పట్లు విని! కానీ పాడుతున్నంతసేపూ మా అరుగే కళ్లముందుంది. ఈపాటికి కత్తెర ఆగి ఉంటుంది, అనుకున్నాను. దిగీ దిగగానే చీర కుచ్చిళ్లు పట్టుకొని ఇంటికి ఉరికాను.

అవ్వ ముందు చాట నిండా కత్తిరించిన ఆకు ఉంది. నేను బయలుదేరినప్పుడు ఆ చాట ఖాళీ. కత్తెర ఇంకా ఆడుతూనే ఉంది.

"నీ వంతు రాలేదా బిడ్డా?" అంది తలెత్తి. "ఎవతో సన్నగొంతు పోరి రెండుసార్లు పాడింది. మంచిగనే పాడింది తియ్. దాని తర్వాత నువ్వే అనుకొని సూస్తున్న."

నేనే అవ్వా, అనాలని నోటిదాకా వచ్చింది.

"రాలేదవ్వా" అన్నాను.

"వాళ్ల నోట్ల మన్నువడ! నువ్వు గీడ పాడు. నేనింట." కత్తెర కింద పెట్టేసింది.

అప్పగింతల పాట పాత గొంతుతో ఎత్తుకుందామని నోరు తెరిచాను. ఏడుపు అడ్డం పడింది.

"అలిసిపోయిన. రేపు పాడుత" అన్నాను.

"సరే తియ్" అంది అవ్వ. కానీ నేను మనసు మార్చుకుంటానేమోనని చాలాసేపు కత్తెర ముట్టలేదు.