అరగ్లాసు నీళ్లు

శాసనసభ కమిటీ గదిలో పనిచేసే అటెండరును ఆ భవనంలో అందరూ అరగ్లాసు అని పిలుస్తారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనా పలుకుతాడు. సాక్షులకు మంచినీళ్లు ఇచ్చేటప్పుడు గ్లాసు సగానికి మించి నింపడు మరి. అది పిసినారితనం కాదు, అనుభవం. ఆ గదికి వచ్చేవాళ్లు సామాన్యులు కారు. పనులు చేయించిన అధికారులు, చేసిన కాంట్రాక్టర్లు, అంతా బాగుందని సంతకాలు పెట్టిన ఇంజనీర్లు. బయట వాళ్ల గొంతు ఖంగుమంటుంది. లోపల పొడుగాటి బల్లకు అటువైపు కూర్చున్న సభ్యులు, ప్రజల కోసం కట్టింది ఇలా ఎందుకు కూలిందని అడగగానే చేతుల్లో వణుకు పుడుతుంది. నిండు గ్లాసు ఇస్తే కాగితాలన్నీ తడిసి ముద్దవుతాయి. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్ద అధికారి నీళ్లు ఒళ్లంతా ఒంపుకుని, ఆ వంకతో వాయిదా కూడా పుచ్చుకుని చక్కా పోయాడు. ఆనాటి నుంచి ఎవరికైనా సగమే.

“నీళ్లు నమిలేవాళ్లకు అరగ్లాసు చాలులే” అని గుమస్తాలు ఎగతాళి చేస్తారు. ఆయన మీసాల్లో నవ్వుకుని ఊరుకుంటాడు. ఆ గదిలో అటెండరుకు కళ్లుంటాయి, చెవులుంటాయి, నోరుండదు. ఎవరూ రాసిపెట్టలేదు గానీ అది అక్కడి పద్ధతి. జగ్గు పట్టుకుని గోడవారగా నిలబడడం, ఎవరి గొంతు ఎండిందో కనిపెట్టడం, గ్లాసు పెట్టి వెనక్కి రావడం. ఆ పనిలో ఆయనకు తిరుగులేదు.

కమిటీ అధ్యక్షురాలు వయసు పైబడిన మనిషి. గొంతు పెంచరు, బల్ల గుద్దరు. శాఖ ఏదైనా, కాంట్రాక్టు ఎవరిదైనా, తిరిగి తిరిగి ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తారు. “మీరు కళ్లారా చూశారా?” అంతే. ఎంతటి మొనగాడైనా అక్కడే నీరుగారిపోతాడు. ఆ ప్రశ్న విని విని అరగ్లాసుకు ఒంటబట్టింది. రాత్రి పడుకోబోతూ గ్యాసు కట్టేశావా అని భార్యను అడిగితే, “కట్టేశాను, కళ్లారా చూశాను, రాసుకోండి” అంటుంది ఆవిడ.

ఒక సాయంత్రం ఆయన అక్క వచ్చి గుమ్మంలోనే కూలబడింది. ఆమె భర్త నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. మర్నాడు కమిటీ ముందుకు రమ్మని ఆయనకు పిలుపొచ్చింది. ఊరి చివర కాలనీలో కట్టిన కొత్త నీళ్ల ట్యాంకు గొడవ అది. ట్యాంకు మీద మూత లేదు. పక్షులు పడి కుళ్లిన నీళ్లు తాగి కాలనీలో ఇంటికొకరు మంచం పట్టారు. కాంట్రాక్టరేమో, మూత బిగించే అప్పగించానని, ఇంజనీరు పైకెక్కి చూసి మరీ సంతకం పెట్టాడని, ఆ తర్వాత దాన్ని మాయం చేసింది అక్కడి వాచ్‌మనే అని అంటున్నాడు.

“మీ కమిటీ అమ్మగారికి నువ్వంటే గురి కదరా. మీ బావను మరీ గుచ్చి గుచ్చి అడగొద్దని ఒక్క మాట చెప్పు” అంది అక్క.

“ఆ గదిలో నాకు నోరు లేదక్కా.”

“గది బయట చెప్పు.”

“బయట ఆవిడకు నేనెవరో కూడా తెలీదు.” అరగ్లాసు అక్కను లేపి కుర్చీలో కూర్చోబెట్టాడు. “ఇంతకీ బావ ఏం చెప్తాడట?”

“ఎక్కి చూశాననే చెప్తారు. ఆఫీసులో అందరూ అదే చెప్పమన్నారు. ఎక్కలేదంటే ఈయన ఉద్యోగం పోతుంది. ఎక్కానంటే ఆ వాచ్‌మన్‌ది పోతుంది. మనం మాత్రం ఏం చేస్తాం చెప్పు.”

“బావ ఎక్కాడా?”

అక్క ఆయన వంక వింతగా చూసింది. “నీకు తెలీదా?”

తెలియకేం. బావకు ఎత్తంటే చచ్చేంత భయం. మేడ మీదికి రమ్మంటే మెట్లు గోడవారగా తడుముకుంటూ ఎక్కి, పిట్టగోడకు ఆమడ దూరంలో నిలబడతాడు. ఇంట్లో బల్బు పోతే బావమరిదికి కబురు వస్తుంది. అరగ్లాసు స్టూలెక్కి బల్బు మారుస్తుంటే బావ కింద స్టూలు పట్టుకుంటాడు, అదీ కళ్లు మూసుకుని. ఇంటిల్లిపాదికీ అదొక పెద్ద వేడుక. ఎవరింట్లో నలుగురు చేరినా బావ స్టూలు కథ ఒకసారి రావలసిందే. బావ కూడా నవ్వేవాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేవాళ్లే గానీ, ఈ మనిషి రోజూ చేసేది ట్యాంకుల తనిఖీ కదా అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఆ రాత్రి అరగ్లాసుకు నిద్ర పట్టలేదు.

మర్నాడు ఉదయం బావ చలవ చొక్కా వేసుకుని వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. పిలిచేదాకా అధికారులు కూర్చోవడానికి కమిటీ గది పక్కన మెత్తటి కుర్చీలు, ఫ్యాను ఉన్న గది ఒకటి ఉంది. మామూలు సాక్షులకు వరండాలో చెక్క బెంచీ. ఆ బెంచీ చివర ఒక నడివయసు మనిషి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, ఎవరో తోసేస్తారన్నట్టు అంచున కూర్చుని ఉన్నాడు. ట్యాంకు వాచ్‌మన్ అతనే.

“గది తీయలేదేం?” అన్నాడు బావ.

“తాళం కనబడ్డం లేదు బావా. కాసేపు ఇక్కడ కూర్చో” అన్నాడు అరగ్లాసు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే అయి ఉంటుంది. 

వాచ్‌మన్ జరిగి చోటిచ్చాడు. “మిమ్మల్నీ పిలిచారా అయ్యా?”

“ఊ” అన్నాడు బావ.

“నన్ను అడుగుతారో లేదో. అడిగితే ఏం చెప్పాలో పాలుపోవట్లేదు. అప్పగింతలయ్యాకే నేను పనిలో చేరాను, ఆ ట్యాంకుకు మూతే చూళ్లేదయ్యా, ఇంక తియ్యడం ఎక్కడ. అయినా ఇంజనీరుగారు పైకెక్కి చూశారంట. చదువుకున్నాయన, ఉన్నదున్నట్టు చెప్తాడు, నువ్వేం బెంగపడకు అంది మా ఇంటిది.”

 అరగ్లాసు ఇద్దరికీ చెరో సగం గ్లాసు నీళ్లు తెచ్చి ఇచ్చాడు. వాచ్‌మన్ గడగడా తాగేశాడు. బావ గ్లాసు పట్టుకునే కూర్చున్నాడు.

లోపల ముందుగా కాంట్రాక్టరు మాట్లాడాడు. ధారాళంగా మాట్లాడాడు. మూత ఎంత మందమో, ఎన్ని బోల్టులు బిగించారో కళ్లకు కట్టినట్టు వివరించాడు. అది నిజంగా ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించేలా చెప్పాడు. తర్వాత బావ వంతు వచ్చింది. పక్కనే శాఖాధికారి, గడ్డం కింద చేయి పెట్టుకుని, అంతా అనుకున్నట్టే జరుగుతుందన్న ధీమాతో ఉన్నాడు.

“సంతకం మీదేనా?” అన్నారు అధ్యక్షురాలు.

“నాదేనండి.”

“పైకెక్కి మూత కళ్లారా చూశారా?”

గోడవారగా ఉన్న అరగ్లాసు జగ్గును గట్టిగా పట్టుకున్నాడు. అక్క మొహం ఒకసారి, బెంచీ అంచున సంచీ పట్టుకున్న మనిషి ఒకసారి ఆయన కళ్లముందు మెదిలారు. బావ తలుపు వైపు చూశాడు. తలుపు అవతలే ఆ బెంచీ.

“లేదండి” అన్నాడు. “కింద నుంచుని కాంట్రాక్టరు మనిషిని పైకి పంపాను. ఎలా ఉందని అడిగితే బ్రహ్మాండం సార్ అన్నాడు. సంతకం పెట్టేశాను.”

శాఖాధికారి గడ్డం కింద చేయి జారిపోయింది. కాంట్రాక్టరు లేవబోతే అధ్యక్షురాలు చేత్తోనే కూర్చోమన్నారు.

“మీరెందుకు ఎక్కలేదు?”

“నాకు ఎత్తంటే భయమండి. ఆఫీసులో తెలిస్తే నామోషీ అని దాచాను. మా ఇంట్లో బల్బు కూడా మా బావమరిదే మారుస్తాడు.”

“ఆ బావమరిదిని కూడా పిలిపించమంటారా?” అన్నాడు ఒక సభ్యుడు వెటకారంగా.

“పిలిపించక్కర్లేదండి. ఇక్కడే ఉన్నాడు” అని బావ గోడవైపు చూపించాడు.

గదిలో తలలన్నీ అటు తిరిగాయి. ఇన్నేళ్లూ ఆ మనిషి అక్కడ ఉన్నాడని అప్పుడే తెలిసినట్టు చూశారు కొందరు.

“నిజమేనా?” అన్నారు అధ్యక్షురాలు.

“నిజమేనండి” అన్నాడు అరగ్లాసు. అంతటితో ఆగితే బాగుండేది. అలవాటు లేని నోరు కదా, తెరిచాక ఆగలేదు. “మా ఇంట్లో అందరికీ తెలుసండి. చెప్పుకుని నవ్వుకునేవాళ్లం.”

“మరి ట్యాంకులు ఎలా చూస్తున్నావని మీలో ఎవరూ అడగలేదా?”

ఆవిడ కోప్పడలేదు. అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగారు. అరగ్లాసు ఆ గొంతు ఎన్ని వందలసార్లు విన్నాడో, అది తన మీదికి వస్తుందని ఒక్కనాడూ అనుకోలేదు. సిగ్గుతో చితికిపోయాడు. కాలనీలో మంచం పట్టిన వాళ్లంతా ఆ గదిలోకి వచ్చి కూర్చున్నట్టనిపించింది. ఏదో అనబోయాడు, నాలుక పిడచకట్టుకుపోయింది. చేతిలో జగ్గు ఒలికి చెప్పులు తడిశాయి. అప్పుడు బావ లేచి, బల్ల మీద తన ముందున్న అరగ్లాసు నీళ్లు తీసుకెళ్లి ఆయన చేతికిచ్చాడు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. బావ సంతకం పెట్టిన ట్యాంకులన్నీ మళ్లీ ఎక్కి చూడాలన్నారు, కాంట్రాక్టరు మీద విచారణ అన్నారు. బావ మీద చర్య తప్పదని, ఏం చర్యో శాఖ తేల్చాలని అన్నారు. వాచ్‌మన్‌ను అడగాల్సిందేమీ లేదని, అతని మీద మాట రాకూడదని రాయించారు. ఆ కాగితం తయారయ్యేదాకా అతన్ని ఉండమన్నారు.

అరగ్లాసు వరండాలోకి వచ్చి సంగతి చెప్పాడు. వాచ్‌మన్ సంచీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అరగ్లాసు జేబులోంచి తాళంచెవి తీసి పక్క గది తలుపు తెరిచి, ఫ్యాను వేశాడు.

“లోపల కూర్చోండి. కాగితం నేను తెచ్చిస్తాను.”

“అది ఆఫీసర్ల గది కదయ్యా.”

“కూర్చోండి.”

వెనకాలే వచ్చిన బావ ఆ తాళంచెవి చూశాడు. “దొరికిందా?” అన్నాడు.

“నా జేబులోనే ఉంది బావా. పొద్దుటినించీ.”

బావ వరండాలో ఖాళీగా ఉన్న బెంచీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత లోపలికి వెళ్లి వాచ్‌మన్ పక్క కుర్చీలో కూర్చుని, “ఆ ఇంజనీరుని నేనే” అన్నాడు.